తీపినీటి బాటసారి

వైనతేయ గోదావరి కడలిని చేరే చోటు ఓడలరేవు. ఆటుపోట్ల నడుమ అక్కడి నీటికి నిలకడైన రంగంటూ ఉండదు. వరద రోజుల్లో చిక్కటి ఎర్రమట్టి రంగు, వేసవి మధ్యాహ్నం కళ్లు చెదిరే పచ్చల కాంతి, మబ్బు పట్టిన సాయంత్రం బరువైన బూడిద వన్నె. ఇసుక తిన్నెల వెంట సరుగుడు తోటలు హోరుమంటాయి. అల్లవరం దిక్కుగా లోపలికి సాగేకొద్దీ గాలిలో ఉప్పు పలచబడి, కొబ్బరి నీడ చిక్కబడి, పంట బోదెల్లో తియ్యటి గోదారి నీళ్లు ఎదురవుతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువల వెంట దిగివస్తున్న నీళ్లవి.

ఉప్పుకీ తీపికీ మధ్యనున్న ఆ గీత మంచినీటి నత్తకు బాగా తెలుసు. ఉప్పు ముదిరిన నీటిలో అది బతకలేదు. దాన్నే నమ్ముకుని, పశువు కడుపుకూ నీటికీ మధ్య రాకపోకలు సాగించే కార్జపు జలగలు, పొట్ట జలగలు కూడా ఆ గీత దగ్గరే ఆగిపోతాయి.

బోదెలో మెడదాకా మునిగిన గేదె అరమోడ్పు కళ్లతో నెమరు వేస్తుంటుంది. తూడు తీగలు, గుర్రపుడెక్క లేత ఊదా పూలు దాని నల్లటి వీపును రాసుకుంటూ కదులుతాయి. అది వేసిన పేడ నీటిలో కరుగుతుంది. ఆ పచ్చటి మసకలోంచి కంటికి ఆనని జలగ గుడ్లు మెల్లగా అడుగుకు జారతాయి. సూక్ష్మదర్శిని కింద కార్జపు జలగ గుడ్డు తేనెరంగులో, కోలగా, ఒక కొసన బుల్లి మూతతో మెరుస్తుంది. పొట్ట జలగ గుడ్డుకు ఆ బంగారు ఛాయ లేదు. పాలిపోయి, తేటగా ఉంటుంది. ఈ రంగు తేడా పశువైద్యుడికి పెద్ద ఆనవాలు.

వెచ్చటి నీటిలో రెండు మూడు వారాలు గడిచాక ఆ మూత తెరుచుకుంటుంది. ఒళ్లంతా సన్నని నూగుతో, నల్లటి కంటిచుక్కతో ఒక పసి డింభకం బయటపడి, గిరగిరా తిరుగుతూ వెలుగు వైపు ఈదుతుంది. అది ఏమీ తినదు. గుడ్డులోంచి తెచ్చుకున్న సత్తువతో దాదాపు ఒక్క రోజు బతుకుతుంది. ఆ ఒక్క రోజులోనే, అంత బోదెలో, తనకు సరిపడే నత్తను వెతుక్కోవాలి. నత్త ఒంటి జిగురు జాడ నీటిలో తగిలిందంటే దాని ఈత తీరే మారిపోతుంది. చుట్టూ తిరిగి, తిరిగి, ఆ మెత్తటి ఒంట్లో దిగబడుతుంది. ఈ ఘడియను తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కార్జపు జలగ కోరేది పల్చటి గుల్లతో, వెడల్పాటి నోటితో ఉండే లిమ్నియా నత్తను. పొట్ట జలగలు ఎక్కువగా ఆశ్రయించేది బల్లపరుపుగా చుట్టుకున్న ఇండోప్లానార్బిస్‌ను. ఈ నత్త నెత్తురు ఎర్రన! ఏ నత్త అయినా, దాని లోపల ఒక్క డింభకం వందలుగా పెరిగి, వారాల తర్వాత తోకలున్న పిల్లలుగా నీటిలోకి వెలువడుతుంది. తడి పరక దొరకగానే అవి అతుక్కుని, తోక రాల్చి, గట్టి గూడు కట్టుకుంటాయి. చలిదేశాల కార్జపు జలగ నడిచే ఈ దారిని 1880ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లో థామస్, జర్మనీలో ల్యూకార్ట్ వేర్వేరుగా కనిపెట్టారు. మన వేడినేలల జలగకు మాత్రం 1855లోనే పేరు పెట్టారు. కాబోల్డ్ అనే శాస్త్రజ్ఞుడికి అది దొరికింది ఒక జిరాఫీ కార్జంలో.

గేదె నాలుక ఆ పరకను చుట్టి లాగుతుంది. గూడు కరిగి బయటపడిన కార్జపు జలగ పిల్ల పేగు గోడ తొలుచుకుని, కార్జంలో వారాల తరబడి దారి తవ్వి, పిత్తనాళంలో స్థిరపడుతుంది. అప్పటికది ఆకు ఆకారపు జలగ. కొన్ని ఏడు సెంటీమీటర్ల దాకా సాగుతాయి. పొట్ట జలగ పిల్లలు చిన్నపేగు మొదట్లో కొన్నాళ్లు గడిపి మొదటి పొట్టలోకి ఎగబాకుతాయి. అక్కడ గులాబీ ఎరుపు ఛాయతో, దానిమ్మ గింజలు పరిచినట్టు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి.

ఈ సొగసుకు మూల్యం చెల్లించేది గేదె. పాలు తగ్గుతాయి, నిగనిగలాడే వెంట్రుక గరుకెక్కుతుంది, దవడ కింద నీరు దిగుతుంది. పొట్ట జలగల పిల్లలు పేగును కొరికితే కంపుకొట్టే పారుడు పట్టుకుంటుంది. నోరులేని జీవి నీరసించి గట్టు మీద కూలబడితే చూడలేం.

నత్తతో పనిలేని వింత ఒకటి ఏలికపాములది. వాటి పిల్లలు తల్లి గేదె కండల్లో నెలల తరబడి నిద్రపోయి, ఈనే వేళకు మేల్కొని పొదుగు చేరతాయి. వెచ్చటి, చిక్కటి పాలతో పాటే దూడ కడుపులో పడతాయి. అందుకే పుట్టిన రెండు వారాలలోపే దూడకు నట్టల మందు పట్టించమంటారు.

కార్జపు జలగలకు వాడే ఆక్సీక్లోజనైడ్ ఎదిగిన వాటినే చంపుతుంది. కార్జంలో ఇంకా దారి తవ్వుతున్న పసివి తప్పించుకుంటాయి. కాబట్టి వానలకు ముందొకసారి, వెనకబట్టాక మరొకసారి పశువైద్యుణ్ణి అడిగి మందు పట్టించాలి. అంతకన్నా నాకు బాతుల మీద గురి ఎక్కువ. కోతలయ్యాక చేలల్లో దిగిన మంద నత్తలను ఏరుకు తింటుంది. గట్టున గడ్డి కోసేవాళ్లు నీట మునిగిన మొదళ్లు వదిలి పై కొసలే కోసి, ఎండలో బాగా ఆరబెట్టి వేస్తే, గేదె నోటికి చేరే గూళ్లు చాలా వరకు తగ్గుతాయి.