రేటింగు తగ్గిందా, వేళ మారిందా?

‘రేటింగు’, ‘షేరు’ అనే మాటలను మన విద్యార్థులు పర్యాయపదాలుగా వాడడం మేము తరచు చూస్తున్నాం. అవి వేరు. నూరు టి.వి. ఇళ్లలో ఆ వేళకు యాభై ఇళ్లలోనే టి.వి. నడుస్తూ, పదింట ఒక నాటకం చూస్తుంటే దాని రేటింగు 10, షేరు 20.

ఈ తేడా తెలిస్తేనే అమెరికాలో ‘ట్విన్ పీక్స్’ ధారావాహికకు జరిగింది బోధపడుతుంది. చిన్న ఊళ్లో ఒక హత్య చుట్టూ నడిచే కథ. ఎ.బి.సి. సంస్థ 1990 ఏప్రిల్ 8న ప్రసారం చేసిన తొలి భాగాన్ని మూడు కోట్లమందికి పైగా చూశారు. తరువాత గురువారాల్లో ఎన్.బి.సి. వారి ‘చీర్స్’కు పోటీగా నిలిపారు, ప్రేక్షకులు తగ్గారు. ఆ ఏడే రెండో విడతను శనివారం రాత్రి పదింటికి మార్చారు. అక్కడ ఆ వేళకు టి.వి. పెట్టే ఇళ్లే తక్కువ. షేరు నిలకడగా ఉన్నా రేటింగు పడక తప్పదు. పైగా ఈ నాటకాన్ని మెచ్చిన యువజనం శనివారం రాత్రి ఇంటిపట్టున ఉంటారా?

తప్పంతా వేళదే అనలేం. నవంబరు 10న హంతకుడెవరో చెప్పేశాక కథలో బిగువు సడలింది. 1991 ఫిబ్రవరిలో ప్రసారం ఆపి, అభిమానుల ఉత్తరాలు వెల్లువెత్తాక మార్చిలో మళ్లీ గురువారానికి తెచ్చారు. అప్పటికే చూసే అలవాటు తప్పింది. జూన్ 10న ముప్ఫై భాగాలతో ఆగిపోయింది. తిరిగి 2017లోనే, అదీ షోటైమ్ చానెల్లో, మరో 18 భాగాలు వచ్చాయి.