ఉపసర్గయు నామక్షేత్రమును

ఒకే శబ్ద మనేకార్థముల నిచ్చుట భాషయందు సహజము. పాద మనఁగా వైద్యునకు శరీరావయవము, లాక్షణికునకుఁ బద్యభాగము. సందర్భ మెఱిఁగిన పాఠకుఁడు భ్రమపడఁడు. యంత్రమునకో సందర్భజ్ఞానము లేదు. గ్రంథభాగములకుఁ బేర్లు పెట్టి, వానిని గోణపు గుర్తుల నడుమ వ్రాయు ఎక్స్‌ఎమ్‌ఎల్ విధానము 1998లో వెలువడినప్పు డీ చిక్కు తప్పలేదు. 'హెడ్' అను పేరు గ్రంథ సంపాదకుల టీఈఐ పద్ధతియందు అధ్యాయ శీర్షికను దెలుపును. వెబ్ పుటల ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ పద్ధతియందుఁ బుటను గూర్చిన వివరము లుంచు భాగమును దెలుపును. ఈ రెండింటిని వేఱుపఱచుటకై వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 1999 జనవరిలో నేమ్‌స్పేస్, అనఁగా నామక్షేత్రము, అను నియమమును బ్రకటించెను.

నామక్షేత్ర మొక దీర్ఘమైన గుర్తింపు వాక్యము. అది సాధారణముగా వెబ్ చిరునామా రూపమున నుండును. కాని యా చిరునామాయొద్ద నేదియు నుండవలసిన పని లేదు. యంత్ర మచ్చటికిఁ బోయి చూడదు; వాక్యమును అక్షర మక్షరముగాఁ బోల్చును. చివర నొక గీఁత హెచ్చినను, పెద్ద యక్షరమునకు మాఱుగాఁ జిన్న యక్షరము పడినను, 'హెచ్‌టీటీపీ' యని యుండవలసినచోట 'హెచ్‌టీటీపీఎస్' అని దిద్దినను, అది వేఱొక నామక్షేత్రమే యగును. ఈ దీర్ఘవాక్యమును మాటిమాటికి వ్రాయుట కష్టము గావున దానికొక కుఱుచ యుపసర్గను గట్టి, పేరునకు ముందుంచుదురు. ఉపసర్గ వ్యవహారనామము మాత్రమే. ఒక పత్రమున 'టీఈఐ' యనియు, మఱియొకదానియందు 'టి' యనియు నున్నను, రెండును నొకే వాక్యమునకుఁ గట్టఁబడినచో భేదము లేదు. ఉపసర్గ ముద్దుపేరు, నామక్షేత్రము గోత్రము.

ఈ భేదము మఱచుటచేఁ గలుగు దోషములు రెండు విధములు. ఉపసర్గను వాడి, దానిని వాక్యమునకుఁ గట్టుట మఱచినచో యంత్రము పని నిలిపి దోషమును దెలుపును. ఇది సులభసాధ్యము. రెండవది మౌనదోషము, దీనివలననే గ్రంథములకు హాని గలుగును.

టీఈఐ పద్ధతి 1987లో నారంభమైనది. దాని నాలుగవ కూర్పునందు నామక్షేత్రము లేదు; 2007లో వెలువడిన యైదవ కూర్పున నది విధింపఁబడినది. ఏ భాగము పుటపై నెట్లు కనఁబడవలెనో శాసించు సూత్రముల పత్రమునకు స్టైల్‌షీట్ అని పేరు. అది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషలో వ్రాయఁబడును. నాలుగవ కూర్పున కనువుగా వ్రాసిన స్టైల్‌షీట్‌కు ఐదవ కూర్పు గ్రంథము నిచ్చినచోఁ బద్యపాదమును జెప్పు సూత్రము పాదమును దాఁకదు. వ్యాఖ్యను జెప్పు సూత్రము వ్యాఖ్యను దాఁకదు. ఏ సూత్రమును దాఁకనిచోట భాషయందలి సహజసూత్రము ప్రవర్తించి, గుర్తులను విడిచి, అక్షరములను మాత్రము పుటపైకిఁ దెచ్చును. యంత్ర మే దోషమును జెప్పదు. పాదములు గలసిపోవును, మూలమునకును వ్యాఖ్యకును నడుమ గీఁత చెఱిగిపోవును. కొన్ని స్టైల్‌షీట్లయం దంతయు శూన్యమై తెల్లపుటయే వచ్చును. తెల్లపుటను జూచినవాఁడు దోషమున్నదని గ్రహించును. వ్యాఖ్య మూలములోఁ గలసిన పుటను జూచిన విద్యార్థి యా వ్యాఖ్యను మూలమనియే చదువును.

దీనికిఁ గారణ మిది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మొదటి కూర్పునందు, సూత్రలక్ష్యముగా నుపసర్గ లేకుండ వ్రాసిన పేరు ఏ నామక్షేత్రమునకును జెందని పేరే. గ్రంథమునందో, స్టైల్‌షీట్ శిరమునందో ఉపసర్గ లేని నామక్షేత్రమును బ్రకటించినను అది లక్ష్యముల కన్వయింపదు. కాఁబట్టి స్టైల్‌షీట్ శిరమున టీఈఐ నామక్షేత్రమున కొక యుపసర్గను గట్టి, ప్రతి లక్ష్యమునకు ముందు దాని నుంచవలెను. 2007లో వచ్చిన రెండవ కూర్పునందు 'ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్' అను లక్షణమును శిరమున నొక్కమాఱు చెప్పిన చాలును. కాని మొదటి కూర్పును మాత్రమే యెఱిఁగిన సాధనములకది పనికిరాదు.

కొంద ఱుపసర్గల బాధ తప్పించుకొనుటకై, గోత్రమును విడిచి పేరు మాత్రమే పోల్చు 'లోకల్-నేమ్' అను ప్రక్రియను వాడుదురు. పని తత్కాలమున జరుగును. కాని 'టైటిల్' అను పేరు టీఈఐ యందును, ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ నందును, చిత్రములకైన ఎస్‌వీజీ యందును గలదు. గ్రంథమున నొక చిత్రము చేరిననాఁడు చిత్రనామమును గ్రంథనామముగా నెన్నుట తటస్థించును. ఏ యనర్థమును వారించుటకు నామక్షేత్రము పుట్టినదో, ఆ యనర్థమే మరలివచ్చును.

ఫలితపత్రమునఁ గొన్ని గుర్తులయందు శూన్యమైన నామక్షేత్ర ప్రకటన కనఁబడుట మఱియొక దోషము. స్టైల్‌షీట్‌ను బెక్కు పత్రములుగా విభజించి, ప్రధానపత్రమున మాత్రమే ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ నామక్షేత్రమును బ్రకటించినచో నిట్లగును. ఒక పత్రముననున్న ప్రకటన మఱియొక పత్రమునకు సంక్రమింపదు. ప్రతి పత్రపు శిరమునను బ్రకటించుటయే చికిత్స. ఫలితమున నక్కఱలేని టీఈఐ ప్రకటన మిగిలిపోయినచో 'ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్' అను లక్షణముచే దానిని దొలఁగింపవచ్చును.

కావున సూత్రము ప్రవర్తింపనప్పుడు మొదట గ్రంథశిరమునందలి నామక్షేత్రమును జూడవలెను. పిదప స్టైల్‌షీట్ నందలి వాక్యమును దానితో నక్షరక్రమమునఁ బోల్చవలెను. తరువాత లక్ష్యముల కుపసర్గ యున్నదో లేదో యరయవలెను. తుదకు, యంత్రము దోషము చెప్పలేదని తృప్తిపడక, గ్రంథమునందలి పాదములను, వ్యాఖ్యలను లెక్కించి, పుటపై నన్నియు వచ్చెనా యని సరిచూడవలెను.