ముదురు ద్రాక్షతోటల సంరక్షణము: పొంగు వైను కొఱకు వాని యుపయోగము

హైదరాబాదు పరిసరములందు ముదురు ద్రాక్షతోటలు గల పట్టాదారులు ఈ క్రింది సంగతులను శ్రద్ధతో గమనింతురు గాక.

జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ అను ప్రాంతములు పూర్వము బండరాళ్ల గుట్టలు. 1960 దశకమున అచ్చట గృహనిర్మాణ సహకార సంఘము పని నారంభించెను. పిమ్మట చెన్నపట్టణమునుండి చలనచిత్ర పరిశ్రమ తరలివచ్చెను. ఎకరముల లెక్కనున్న భూమి గజముల లెక్కకు వచ్చెను. పట్టణము నలుదిక్కుల వ్యాపించిన కొలది శివారు గ్రామముల ద్రాక్షపందిళ్లు అనేకము ఇండ్ల స్థలములైనవి. భూమి నమ్ముట పట్టాదారుని యిష్టము. కాని భూమితోపాటు తీగజాతిని కూడ పోగొట్టుకొనుట అవసరము కాదు. ఆ విషయమును తెలుపుటయే ఈ కరపత్రముయొక్క ఉద్దేశము.

తోటలోని ధనము

ఈ ప్రాంతమునకు పేరు తెచ్చిన ద్రాక్ష అనాబ్-ఎ-షాహి. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ గారు దీనిని హైదరాబాదున ప్రవేశపెట్టిరి. గింజ గల పెద్ద పండు, పలుచని తోలు, పండినపుడు తేనెవన్నె. పందిరిమీద విస్తారముగా కాయును. ఇది తినుటకు పెంచిన జాతియే. అయినను బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు దీనిని ఇతర జాతులతో సంకరపఱచి, వైనునకు తగిన అర్కా హంస్, అర్కా సోమ అను రకములను సాధించిరి. కావున ముదురు తోటలోని మంచి తీగ, పండ్ల నిచ్చునదే కాక, రాబోవు రకములకు తల్లియు కాగలదు.

ముదురు తీగ వేళ్లు లోతునకు పోవుటచే ఎండకు వెంటనే లొంగదు. కాపు కొంత తగ్గును; తగ్గిన కాపున రసము చిక్కబడుట కలదు. అయితే వయస్సొక్కటే గుణము కాదు. తెగులు పట్టిన ముసలి తీగకంటె ఆరోగ్యముగల లేతతీగయే మేలు.

పొంగు వైను తయారగు విధము

షాంపేను వంటి పొంగు వైను రెండుమార్లు పులియును. మొదట రసమును పులియబెట్టి సాధారణమైన వైను చేయుదురు. పిదప సీసాలో లీటరునకు సుమారు 24 గ్రాముల చక్కెరయు, కొంత ఈస్టును చేర్చి బిరడా బిగింతురు. సీసాలో మఱల పులియునపుడు పుట్టిన వాయువు వెలికి పోలేక వైనులోనే కరగును. దాని యొత్తిడి మోటారుకారు చక్రములోని గాలి యొత్తిడికి రెండింతలకు మించును. కొన్నినెలలు మడ్డితో నిలువయుంచి, సీసాను క్రమముగా తలక్రిందు చేసి, మూతివద్ద చేరిన మడ్డిని తీసివేయుదురు.

దీనికి పులుపు నిలిచియున్న పండు కావలెను. చక్కెర నూటికి 18 పాళ్లకు చేరుసరికి, అనగా మిక్కిలి మాగకముందే, కోయవలెను. అధికముగా కాసిన అనాబ్-ఎ-షాహి 14 మొదలు 16 పాళ్లలోనే నిలిచిపోవును. అందుచే గుత్తులను పలుచన చేయక తప్పదు. ముందు రెండు మూడు వరుసలలో మాత్రము పరీక్షించి, వైను కర్మాగారమువారితో మాటాడుకొనిన పిమ్మటనే తోటనంతయు ఆ పద్ధతికి మార్చుట వివేకము.

పరదేశపు నిదర్శనము

పందొమ్మిదవ శతాబ్దియందు ఫిలాక్సెరా అను వేరుపురుగు ఫ్రాన్సుదేశపు తోటలను నాశనము చేసెను. రైతులు అమెరికా తీగల వేళ్లపై తమ తీగలను అంటుకట్టి బయటపడిరి. షాంపేను ప్రాంతమున ఆయీ గ్రామములోని చిన్న మళ్లు కొన్నిమాత్రము సొంతవేళ్లతోనే మిగిలెను. బోలంజే సంస్థవారు 1969 పంటనుండి వానితో ప్రత్యేకముగా పొంగు వైను చేయుచున్నారు. అచ్చట తీగను నేలలో తొక్కి వేరు పట్టించి తోటను నిలుపుదురు. వారిదే బూజీ గ్రామములోని మడి యొకటి 2005 ప్రాంతమున ఆ పురుగుపాలయ్యెను. ఒక్కచోటనే యున్న ధనము ఒక్క దెబ్బతో పోవునని దీనివలన గ్రహింపవలెను.

తీగజాతిని నిలుపు విధము

1. వరుసగా రెండు కాపులు పరిశీలించి, నిండుగా కాచుచు, ఆకు ముడుత, పసుపు లేని తీగలకు రంగు గుర్తు పెట్టవలెను. వైరసు తెగులు కొమ్మలద్వారా పిల్లతీగకు సంక్రమించును.

2. అక్టోబరు కత్తిరింపునపుడు గుర్తుపెట్టిన తీగలనుండి పెన్సిలు లావు గల ముదిరిన కొమ్మలను తీసి, మూడు నాలుగు కనుపులు గల ముక్కలు చేసి, రెండు కనుపులు మట్టిలో నుండునట్లు నాటవలెను.

3. నేల అంటునకు ఏడాది కొమ్మను క్రిందికి వంచి, కనుపుక్రింద తోలు కొంచెము గీకి, జేనెడు లోతు కాలువలో అణచి, చివికిన పశువుల యెరువు కలిపిన మట్టి కప్పవలెను. కొన రెండు మొగ్గలతో పైకి నిలిచియుండవలెను. తేమ ఆరనీయరాదు. వేళ్లు బాగుగా పట్టినపిదపనే తల్లినుండి కోయవలెను.

4. ఉప్పునీరు లేక నీటియెద్దడి గలచోట డాగ్‌రిడ్జ్ అను వేరుతీగపై అంటుకట్టుట మేలు.

5. పిల్లతీగలను రెండు వేర్వేరు గ్రామములందైనను నాటవలెను. కొన్ని కొమ్మలను రాజేంద్రనగరులోని ద్రాక్ష పరిశోధన స్థానమువారికి చూపి సలహా పొందవచ్చును.

హెచ్చరిక

ఆబ్కారీ శాఖవారి లైసెన్సు లేక వైను తయారుచేయుట నేరము. రైతు పండు నమ్మవచ్చును, తీగను పెంచవచ్చును.

అమ్మిన భూమి తిరిగిరాదు. నఱికిన ముదురు తీగ వయస్సు కొనిన దొరకదు. కాని దాని కొమ్మ యొకటి వేరొకచోట వేరు పట్టినచో ఆ జాతి చావదు. కావున దస్తావేజుపై సంతకము చేయుటకు ముందే, ఒక అక్టోబరు కత్తిరింపు జరుగునంతకాలము గడువు అడిగి ఉంచుకొనుట పట్టాదారునకు శ్రేయస్కరము.