హెచ్.టి. యూనిట్లలో డిమాండ్ ఛార్జీలు: సంవత్సరం మధ్యలో వచ్చే మార్పుల గణన

శీతల గిడ్డంగులు, విత్తనశుద్ధి కేంద్రాలు, పెద్ద రైస్ మిల్లులు సాధారణంగా హెచ్.టి. కనెక్షన్ ద్వారా విద్యుత్తును పొందుతాయి. వీటి బిల్లులో రెండు ప్రధాన భాగాలుంటాయి. వాడిన యూనిట్లను బట్టి పడేది ఎనర్జీ ఛార్జీ. లైన్లు, సబ్‌స్టేషన్లు, విద్యుత్ కొనుగోలు ఒప్పందాల స్థిర వ్యయంలో కొంత భాగాన్ని రాబట్టేది డిమాండ్ ఛార్జీ. వాడిన యూనిట్లు తగ్గినంత మాత్రాన ఇది తగ్గదు.

విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 62(4) ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో టారిఫ్‌ను సాధారణంగా ఒకసారికి మించి సవరించరాదు. ఇంధన సర్‌ఛార్జీ సూత్రం అనుమతించే మార్పులకు మాత్రం మినహాయింపు ఉంది. అయితే ఆ ఒక్క సవరణ ఏప్రిల్‌లోనే అమలు కావాలన్న నియమం లేదు. తెలంగాణలో 2024-25 టారిఫ్ ఉత్తర్వు అక్టోబరు 28న వెలువడి, నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది.

తెలుగు రాష్ట్రాలలో సాధారణంగా నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం - ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై ఛార్జీ విధిస్తారు. ఉదాహరణకు, ఒప్పంద డిమాండ్ 300 కె.వి.ఎ. గల యూనిట్‌లో సీజన్ లేని నెలలో 60 కె.వి.ఎ. మాత్రమే నమోదైనా బిల్లు 240 కె.వి.ఎ.కు వస్తుంది. నవంబరు నుండి రేటు కె.వి.ఎ.కు రూ. 25 పెరిగిందని అనుకుంటే, నెలకు రూ. 6,000 చొప్పున మార్చి వరకు కనీసం రూ. 30,000 అదనపు భారం పడుతుంది. ఋతుకాల పరిశ్రమలుగా నమోదైన యూనిట్లకు నిబంధనలు వేరు.

ఈ భారాన్ని తగ్గించుకునే ప్రధాన మార్గం పవర్ ఫ్యాక్టర్ మెరుగుదల. 228 కిలోవాట్ల లోడుకు పవర్ ఫ్యాక్టర్ 0.80 అయితే డిమాండ్ 285 కె.వి.ఎ.; తగిన కెపాసిటర్లతో 0.95కు పెంచితే 240 కె.వి.ఎ. ఈ యూనిట్‌లో అంతకుమించి తగ్గించినా 80 శాతం నియమం వలన డిమాండ్ ఛార్జీలో లాభముండదు. అప్పుడు ఒప్పంద డిమాండ్‌నే తగ్గించుకోవటాన్ని పరిశీలించాలి. కాని సీజన్‌లో ఒప్పందాన్ని మించితే అధిక రేటు చెల్లించవలసి వస్తుంది. కావున కనీసం 12 నెలల బిల్లులను పరిశీలించిన పిదపనే దరఖాస్తు చేయటం శ్రేయస్కరం.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ప్రాజెక్టు నివేదికలు రూపొందించే విస్తరణ శాస్త్రవేత్తలు విద్యుత్ వ్యయాన్ని యూనిట్ ధరతో మాత్రమే లెక్కించరాదు. డిమాండ్ ఛార్జీని నెలవారీగా విడిగా చూపి, సంవత్సరం మధ్యలో రేటు మారితే లాభనష్టాలు ఎలా ఉంటాయో కూడా గణించటం అవసరం.