అంకెలు ఇల్లు మారేటప్పుడు

ఇల్లు మారిన వారికి ఈ సంగతి తెలుసు. మంచాలు, బీరువాలు, బియ్యం డబ్బాలు బండెక్కి క్షేమంగానే చేరుతాయి. గోడమీద పెన్సిలుతో రాసుకున్న పాలలెక్క, ఏ తాళానికి ఏ తాళంచెవి అన్న గుర్తు మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోతాయి. కొత్త ఇంట్లో గుత్తి చేతిలోనే ఉంటుంది. ఏది దేనిదో చెప్పేవారుండరు. సర్వేలలో పోగుచేసిన అంకెలు ఒక రకం కంప్యూటరు ఫైలులో నుంచి మరొక రకం ఫైలులోకి మారేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గణాంకాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ఇవాళ పిల్లలు ఎం.బి.ఏ. అనీ, పిహెచ్.డి. అనీ ఏదో ఒక సర్వే నెత్తిన వేసుకోని ఇల్లు అరుదు. పైగా అక్కడ పోయేది అంకె కాదు, అంకె వెనకాల ఉన్న మాట. మాట పోయిందంటే అది మా శాఖ వ్యవహారమే కదా!

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి సర్వే జరిగినప్పుడు టీచర్లు మన గడపల ముందు నిలబడి ఫారాలలో కోడు నంబర్లు వేసుకోవడం అందరం చూశాము. మనం మాట చెబుతాము, వారు అంకె వేస్తారు. బ్యాంకు అప్పయితే 1, బంధువుల దగ్గర తెచ్చుకుంటే 2, షావుకారు అయితే 3 అన్న పద్ధతి. అంకె వేస్తే చోటు కలిసివస్తుంది, లెక్క సులువవుతుంది. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే వారి ఫైళ్లు తెరిచి చూస్తే, అనేకం ఖాళీ లేకుండా ఒకదానివెంట ఒకటి పేర్చిన అంకెల బారులే. ఎన్నో అంకె నుంచి ఎన్నో అంకె వరకు వయసు, ఎక్కడి నుంచి చదువు అన్నది వేరే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం పోతే ఆ బారుకూ, గోడమీద చీమల బారుకూ భేదం లేదు.

ఈ ఇబ్బంది తీర్చడానికే అంకెనూ, దాని అర్థాన్నీ ఒకే పెట్టెలో పెట్టే ఫైళ్లు పుట్టాయి. 1968లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ముగ్గురు యువకులు సామాజిక శాస్త్రాల వారికోసం ఎస్.పి.ఎస్.ఎస్. అనే ప్రోగ్రాము తయారుచేశారు. శాస్ అనేది నార్త్ కరోలినాలో వ్యవసాయ పరిశోధనల లెక్కలకోసం పుట్టింది. స్టాటా 1985లో వచ్చింది. ఎవరి ఫైలు వారిది, ఎవరి తాళం వారిది. ఎస్.పి.ఎస్.ఎస్. ఫైలు తోక ‘సావ్’, స్టాటాది ‘డిటిఎ’. ఇవన్నీ డబ్బు పోసి కొనుక్కోవలసిన సరుకులు. లైసెన్సు గడువు తీరిన మరునాడు మన అంకెలు మన కంప్యూటరులోనే ఉంటాయి, మనకు మాత్రం తలుపు తెరుచుకోదు.

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదివిన అమ్మాయి ఒకతె తరువాత అర్థశాస్త్రంలో పరిశోధనకు చేరింది. సిద్దిపేట గొల్లభామ చీరలు నేసే కుటుంబాలమీద పని. మగ్గం మగ్గానికీ తిరిగి, గడపలలో కూర్చుని, ఫారాలు నింపింది. ఫైలు ఎస్.పి.ఎస్.ఎస్.లో తయారైంది, పరిశీలించవలసిన ప్రొఫెసరుగారిది స్టాటా. ఒక దుకాణంలో ఇస్తే వాళ్లు దానిని కామాలతో విడదీసిన మామూలు పట్టికగా, అంటే సిఎస్‌వి ఫైలుగా మార్చి ఇచ్చారు. అదేమో ఎక్కడైనా తెరుచుకుంటుంది. తెరిచి లెక్కవేసింది.

“సార్, నావాళ్లంతా ముసలివాళ్లయిపోయిండ్రు!” అన్నది, ఫైలు నా ముందుపెట్టి.

“అదేమిటమ్మా?”

“వయసు తెలియనివాళ్లకు 99 వేసిన సార్. రజాకార్ల కాలంల బర్లు కాసేటోణ్ణి అన్నడు ఒక తాత. అంతకంటె ఎక్కువ చెప్పలే. ఏం వేస్త? 99 అంటే ‘తెలియదు’ అని. ఇప్పుడేమో వాళ్లందరికీ తొంభై తొమ్మిదేండ్లు!”

పదిమందిలో ఎనిమిదిమంది సగటు వయసు 45 అనుకోండి. మిగిలిన ఇద్దరికి ‘తెలియదు’ అనే 99 తగిలిస్తే పదిమంది సగటు దాదాపు 56కు లేస్తుంది. అప్పుల వరుసలో ఇంకా చిత్రం. ‘చెప్పలేదు’ అన్నదానికి ఆమె పెట్టుకున్న గుర్తు 9. అప్పు సంగతి ఎత్తగానే కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయిన ఇల్లాలి మౌనం ఆ తొమ్మిదిలో ఉన్నది. సిఎస్‌వి ఫైలులో అది ఉత్త తొమ్మిది. మొదటి ఫైలులో ‘ఇది అంకె కాదు, ఖాళీ’ అని విడిగా చెప్పి ఉంచారు. ఆ చెప్పిన చీటీ పాత ఇంట్లో ఉండిపోయింది.

సామానూ, చీటీలూ కలిపి మోసే బండ్లు లేకపోలేదు. వాటిలో ఒకదాని పేరు రీడ్‌స్టాట్. ఎవాన్ మిల్లర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు దీనిని సి భాషలో రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్టు విడిచిపెట్టాడు. ఈ పని తేలిక కాదు. శాస్ వారు తమ ఫైలు లోపలి అమరికను బయటపెట్టలేదు. ఔత్సాహికులు కొందరు ఫైళ్లను ముందుపెట్టుకుని, ఏ గుర్తు ఎక్కడ మారితే ఏది మారుతున్నదో చూస్తూ, డిటెక్టివు నవలలో చేతిముద్రలు పోల్చినట్టు పోల్చి, ఆ అమరికను ఛేదించారు. గణాంకాలవారు వాడే ‘ఆర్’ భాషలో ఇట్లాంటి ఫైళ్లు చదివే ‘హేవెన్’ అనే భాగం కూడా ఈ రీడ్‌స్టాట్ మీదనే నిలబడి ఉన్నది.

దీనికి బొమ్మలు లేవు, బొత్తాలు లేవు. నల్లని తెర, అందులో రెప్పకొట్టే ఒక గీత. అక్కడ ఇంగ్లీషు అక్షరాలలో ఒక వాక్యం కొట్టాలి. పైకి చదివితే ఇట్లా ఉంటుంది: రీడ్‌స్టాట్, చేనేత డాట్ సావ్, చేనేత డాట్ డిటిఎ. మధ్య ఒక్కొక్క ఖాళీ. అంతే! మొదటిది పనిముట్టు పేరు, రెండవది ఉన్న ఫైలు, మూడవది కావలసిన ఫైలు. విభక్తి ప్రత్యయాలు లేని భాష ఇది. ‘నుంచి’, ‘లోకి’ అనేవి ఉండవు. ఏది ముందు, ఏది వెనక అన్నదే వ్యాకరణం. తారుమారైతే కొంప మునుగుతుందేమోనని భయపడనక్కరలేదు. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే, ప్రత్యేకంగా ఆజ్ఞాపిస్తే తప్ప దానిని చెరపదు. ఉన్న ఫైలు పేరు ఒక్కటే ఇస్తే మార్పిడి జోలికి పోక, అందులో ఎన్ని నిలువు వరుసలు, ఎన్ని అడ్డు వరుసలు, ఏ లిపి పద్ధతి అన్నది చెప్పి ఊరుకుంటుంది. మార్చేముందు ఇది అడిగి కాగితంమీద రాసుకోవడం మంచిది.

అమ్మాయి లాప్‌టాపులో దానిని ఎక్కించి ఆ వాక్యం కొట్టాము. గుటక వేసేలోపల కొత్త ఫైలు వచ్చింది. బ్యాంకు, బంధువులు, షావుకారు అన్న లేబుళ్లు అంకెలను అంటిపెట్టుకునే ఉన్నాయి.

అయితే ఏ బండిమీద మార్చినా దిగిన తరువాత సామాను లెక్కచూసుకోక తప్పదు. ‘తెలియదు’ అన్నదానిని ఎస్.పి.ఎస్.ఎస్. ఒక రకంగా, స్టాటా మరొక రకంగా దాచుకుంటాయి. మొదటిదానిలో మనకు నచ్చిన అంకెను ఖాళీ అని ప్రకటించవచ్చు. స్టాటాలో అట్లా కాదు. ఒక ఉత్త చుక్క, చుక్కవెంట ఒక ఇంగ్లీషు అక్షరం చొప్పున ఇరవై ఆరు, మొత్తం 27 ఖాళీ గుర్తులు. 99 అక్కడ ఖాళీ గుర్తుగా మారిందా, 99గానే దిగిందా అన్నది చూడాలి. మారినా ఒక మెలిక ఉన్నది. స్టాటా దృష్టిలో ఖాళీ అన్నది ఏ అంకెకంటె అయినా పెద్దది. ‘అరవై దాటినవారిని లెక్కించు’ అంటే వయసు తెలియనివారినీ కలిపి లెక్కిస్తుంది. మా తాత మళ్లీ వరుసలో వచ్చి నిలబడతాడన్నమాట.

తేదీల సంగతి మరీ వింత. ఎస్.పి.ఎస్.ఎస్. 1582 అక్టోబరు 14 నుంచి సెకండ్లు లెక్కపెడుతుంది. గ్రెగరీ పోపు పంచాంగం అమలుకు వచ్చిన రోజులవి. స్టాటా 1960 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడుతుంది. దాని లెక్కన 1948 సెప్టెంబరు 17 అంటే మైనస్ 4,123. మన పెద్దల పాత పహాణీలలో ఫసలీ సంవత్సరానికి 590 కలుపుకుని క్రీస్తుశకం తెలుసుకోవడం అలవాటైనవారికి ఇది ఆశ్చర్యం కాదు.

ఇక తెలుగు అక్షరాలు. ‘సిద్దిపేట’ మనకు నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు తొమ్మిది గుర్తులు: స, గుడి, ద, పొల్లు, ద, గుడి, ప, ఏత్వం, ట. యూనికోడు ఫైళ్లలో సాధారణంగా వాడే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్ల చోటు కావాలి, మొత్తం 27. ఇంగ్లీషులో రాస్తే ఎనిమిదితో సరి. ఊరిపేరు వరుసకు ఎనిమిది బైట్ల వెడల్పే పెట్టి ఉంటే సిద్దిపేటలో ‘సి’ మిగులుతుంది, ఆ పక్కన ఒక పిచ్చి గుర్తు. స్టాటాలో 2015లో వచ్చిన 14వ కూర్పు నుంచి మాత్రమే యూనికోడుకు చోటు దొరికింది. అంతకుముందటి కూర్పుకోసం మారిస్తే తెలుగు పేర్లు చెడుతాయి. తెలుగువాణ్ణి కనుక అంటున్నాను: పేర్లను ఇంగ్లీషులోకి దింపి తప్పించుకోవడంకంటె వెడల్పు పెంచుకోవడమే మేలు.

ఇల్లు మారడం ఫైళ్లకే కాదు, ఊళ్లకూ తప్పలేదు. 2011 జనాభా లెక్కలలో మెదక్ జిల్లా సంఖ్య 535, కరీంనగర్ 534, వరంగల్ 540. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఈ మూడింటి ముక్కలతో ఏర్పడింది. హుస్నాబాద్ కరీంనగర్ వైపునుంచి, చేర్యాల వరంగల్ వైపునుంచి వచ్చి కలిశాయి. లేబులు చక్కగా అంటుకుని ‘535, మెదక్’ అని ఉన్నంతమాత్రాన అది నేటి మెదక్ కాదు. ఇది ఏ పనిముట్టూ పట్టుకోలేదు. ఊరు తెలిసిన మనిషి చూడవలసినదే. ఆ అమ్మాయి 2011 అంకెలను తన ఫైలుతో కలిపేటప్పుడు జిల్లా వరుస పక్కన ఇంకొక వరుస చేర్చి, ‘ఏ సంవత్సరపు జిల్లా’ అని తెలుగులోనే దానికి లేబులు పెట్టింది.