ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ఆగిపోతోందా? పంపు విప్పే ముందు మూత చూడండి

జహీరాబాద్: చెరకు కోతలు మొదలైతే జహీరాబాద్ ప్రాంతపు పల్లెల్లో ట్రాక్టర్లకు తీరిక ఉండదు. పొలంలో లోడు ఎత్తుకున్న బండి ఊరు దాటేవరకు బాగానే వస్తుంది. ఎత్తు ఎక్కే చోట ఉన్నట్టుండి ఇంజను గొంతు తగ్గుతుంది. రేసు ఎంత పెంచినా ఊపందుకోదు. రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ లాగుతుంది. కొంత దూరం పోయాక మళ్లీ అదే వరస.

కోసిన చెరకు ఆలస్యమైన కొద్దీ బరువు, తీపి రెండూ తగ్గుతాయి. దారిలో పోయిన పూట తూకంలో కనిపిస్తుంది. కిరాయి బండి అయితే ఆ ఖర్చు అదనం. దీనికి తోడు 'డీజిల్ పంపు పోయింది' అన్న మాట చెవిన పడితే రైతు గుండె జారిపోతుంది. ఇంజనులో ఖరీదైన భాగాల్లో అదొకటి. అయితే ఇలా వచ్చిపోయే జబ్బుకు మూలం చాలాసార్లు పంపుకు ముందే, ట్యాంకు నుంచి వచ్చే దారిలోనే ఉంటుంది.

కావలసినవి రెండే

జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనును 1897లో నడిపి చూపించాడు. దానికి స్పార్కు ప్లగ్గు లేదు. సిలిండరులో గాలిని పదహారు, ఇరవై వంతుల దాకా నొక్కితే అది మండేంత వేడెక్కుతుంది. అందులో డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. నేటి ట్రాక్టరు ఇంజనుకూ ఇదే సూత్రం. కనుక బలం తగ్గిందంటే ముందు అనుమానించవలసినవి రెండే: డీజిల్ సరిగా అందడం లేదా, గాలి సరిగా అందడం లేదా?

ఇది పొగను చూసి చాలావరకు పోల్చుకోవచ్చు. నల్లపొగ దట్టంగా కక్కుతూ బలం తగ్గితే గాలి చాలడం లేదని, లేదా లోడు మించిందని అనుమానించాలి. నాజిల్ చెడినా నల్లపొగ వస్తుంది. పొగ లేకుండానే నీరసించి ఆగిపోతే డీజిల్ అందడం లేదు.

మూతలోనే మర్మం

ట్యాంకులోంచి డీజిల్ బయటికి పోయిన కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. అందుకు కొన్ని బండ్లకు మూతలోనే సన్నని రంధ్రం, కొన్నింటికి వేరే గొట్టం ఉంటాయి. దుమ్ము, జిడ్డు చేరి అది పూడుకుపోతే గాలి రాదు, డీజిల్ దిగదు. బండి ఆగి ఉండగా గాలి మెల్లగా చొరబడుతుంది. పది నిమిషాల తరువాత ఇంజను మళ్లీ లేవడానికి ఇదొక కారణం.

పరీక్ష తేలిక. బండి నీరసించగానే చదును చోట ఆపి మూత వదులు చేయాలి. 'ఉస్సు'మని గాలి లోపలికి పీల్చుకుని, ఆపై ఇంజను బాగా లాగితే దొంగ దొరికినట్టే. మూతను డీజిల్‌తో కడిగి, రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేస్తే చాలు. మూత తీసేసి బండి నడపడం మాత్రం కూడదు. దుమ్మంతా ట్యాంకులో పడుతుంది. మూత దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

కోస్తా జాలర్లు పడవ వెనుక బిగించే మోటార్లకూ ఇదే జబ్బు వస్తుంది. విడి ట్యాంకు మూత మీది గాలి మర తిప్పడం మరిస్తే పడవ కొంత దూరం పోయి నీళ్ల నడుమ ఆగుతుంది.

నీళ్లు, నలక, గాలి

మూత బాగుంటే తరువాత ఫిల్టర్లు చూడాలి. నీరు డీజిల్ కంటే బరువు కనుక అడుగున చేరుతుంది. ఫిల్టరు కింది మర వదులు చేసి ఆ నీటిని వదిలేయాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరుగా మారుతుంది. అందుకే సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపుకోవడం మంచిది. డ్రమ్ములో నిల్వ చేసిన డీజిల్‌ను అడుగు కలపకుండా, వడగట్టి పోయాలి. బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన గంటలకు ఫిల్టర్లు మార్చాలి.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు పైపు జాయింట్లు, వాషర్లు కూడా చూడాలి. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు. కానీ గాలి లోపలికి పోతుంది. గాలి పట్టిన ఇంజను దగ్గుతూ నడుస్తుంది. ఫిల్టరు పైనున్న ఎయిర్ మర వదులు చేసి, చేతి లివరుతో పంపు కొట్టాలి. మొదట నురగ వస్తుంది. బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు కొట్టి, కొడుతూనే మర బిగించాలి. సందు మూయకుండా ఎయిర్ తీస్తే మర్నాటికి మళ్లీ పడుతుంది.

నల్లపొగ వస్తే ఎయిర్ క్లీనర్ విప్పాలి. ఎర్రమట్టి దుమ్ములో తిరిగే బండికి అది త్వరగా నిండుతుంది. ఆయిల్ రకమైతే బురదగా మారిన ఆయిల్ పారబోసి, గుర్తు వరకే కొత్తది పోయాలి. రేడియేటరుకు చెరకు ఆకు, చెత్త అడ్డుపడి వేడెక్కినా బలం తగ్గుతుంది. వేడి మీద రేడియేటరు మూత తీయరాదు.

చేయకూడనివి

ఇవన్నీ సరిగా ఉండి కూడా జబ్బు పోకపోతేనే పంపు, నాజిళ్ల వంతు. పంపు లోపలి భాగాల నడుమ సందు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. రోడ్డు పక్కన దుమ్ములో దాన్ని విప్పితే బాగున్నది కూడా చెడుతుంది. టెస్టు బెంచి ఉన్న చోటికే తీసుకుపోవాలి. నాజిల్ పైపు కారుతుంటే వేలు అడ్డం పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో డీజిల్ చిమ్మే కొత్త ట్రాక్టర్ల పైపులను ఇంటి దగ్గర విప్పనే కూడదు.

ఎత్తు మీద ఇంజను ఆగితే మొదటి పని బ్రేకు వేసి లాక్ చేయడం, రెండోది ట్రాలీ చక్రాల వెనుక రాళ్లు పెట్టడం. లోడు ట్రాలీ వెనక్కి జారితే పోయేది చెరకు ఒక్కటే కాదు. ఆ తరువాతే పానా చేతపట్టాలి.

మహీంద్రా కంపెనీ 2013లో జహీరాబాద్‌లో ట్రాక్టర్ల కర్మాగారం తెరిచింది. కొత్త బండి ఎక్కడ తయారైనా, ఏ కంపెనీదైనా పొలంలోకి దిగాక దాని ఆయువు రైతు, డ్రైవరు చేతుల్లోనే ఉంటుంది. కోతలు మొదలయ్యే ముందు ఒక పూట కేటాయించి మూత, ఫిల్టర్లు, జాయింట్లు, ఎయిర్ క్లీనర్ వరసగా చూసుకుంటే లోడు బండి దారి మధ్యలో ఆగే బాధ చాలావరకు తప్పుతుంది.