మీకు తెలుసా? టాపున్న కారా... టాపు లేచే కారా!

తెనాలి రణరంగ చౌక్‌లో రెండు స్పోర్ట్స్ కార్లు పక్కపక్కన ఆగాయనుకోండి. ఒకే కంపెనీ. ఒకే ఇంజను. ఒకే ఎరుపు రంగు. తేడా అంతా నెత్తి మీదే! ఒకదానికి రేకు కప్పు బిగించేశారు. అది కూపే. రెండోదానికి టాపు వెనక్కి మడుచుకుపోతుంది. అది కన్వర్టిబుల్. ఏది కొంటారు? ఆగండాగండి, తొందరపడకండి! ఆ 1 కప్పు చుట్టూ ఎన్ని వింతలున్నాయో ముందు వినండి!

కూపే అన్న మాట మీకు కొత్తేం కాదు! రైల్లో ఫస్ట్ ఏసీ ఎక్కారా? అందులో 2 బెర్తుల గది పేరేమిటి? కూపే! కారు కూపే, రైలు కూపే ఒకే మాట. ఫ్రెంచిలో ‘కోసేసినది’ అని అర్థం. నలుగురు ఎదురెదురుగా కూర్చునే గుర్రబ్బండిని కోసి, ఇద్దరికి సరిపెట్టారు. ఆ కోత పేరే ఇప్పటికీ నడుస్తోంది!

మరి ఫోన్లో క్యాబ్ బుక్ చేస్తారు కదా? ఆ ‘క్యాబ్’ ఎవరనుకున్నారు? టాపు మడిచే క్యాబ్రియోలె బండికి ముద్దు పేరు! 2 చక్రాలు, 1 గుర్రం. అచ్చం మన జట్కా లాంటిది! దారి పొడవునా ఎగిరెగిరి పడేదట. అందుకే మేకపిల్ల గంతు నుంచి పుట్టిన మాటను దానికి పేరుగా పెట్టేశారు. ఈసారి క్యాబ్ ఎక్కితే పిల్లలకు చెప్పండి, పేరుకు మనం కన్వర్టిబుల్‌లోనే వెళుతున్నామని!

అసలు మన బాపట్ల, రేపల్లె తాతయ్యలకు ఈ తేడా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. గూడుబండి కూపే! రిక్షా కన్వర్టిబుల్! చినుకు పడగానే రిక్షా అతను ఒక్క చేత్తో టాపు లాగేవాడు. ఎండ తగ్గగానే వెనక్కి తోసేవాడు. దానికి ఎన్ని మోటార్లు కావాలి? 0!

అదే పనికి అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఏం చేసిందో తెలుసా? 1957లో స్కైలైనర్ అని ఒక కారు తెచ్చింది. మీట నొక్కితే రేకు కప్పు మొత్తం లేచి డిక్కీలోకి వెళ్ళి పడుకుంటుంది! లోపల ఎంత కరెంటు తీగ పట్టిందంటే... 180 మీటర్ల పైనే!

ఇక ఈ ముచ్చట చెవి దగ్గరగా పెట్టి వినండి. కరెంటుతో మడుచుకునే రేకు కప్పును కనిపెట్టిందెవరు? ఇంజినీరు కాదు, పళ్ళ డాక్టరు! ఫ్రాన్సులో జార్జ్ పోలాన్ అనే ఆయన. ఆయన ఆలోచనతో పెజో కంపెనీ 1934లోనే అలాంటి కారును రోడ్డెక్కించింది! పళ్ళు కట్టే చేతులే కారు కప్పు కట్టాయి! తర్వాత యుద్ధం వచ్చింది. ఆయన రహస్యంగా బ్రిటన్‌కు సాయం చేశారు. నాజీలు పట్టుకుని 1942లో కాల్చి చంపేశారు. ఇవాళ ఏ కారు రేకు కప్పు మడుచుకున్నా, అందులో ఆ మనిషి తెలివి ఉంది. ఆ పేరు గుర్తుంచుకోండి!

ఇప్పుడు టాపు లేవడానికి ఎంతసేపు? బీఎండబ్ల్యూ జెడ్4కు 10 సెకన్లు! సూర్యలంక బీచి రోడ్డులో చినుకు మొదలైందా? కారు ఆపక్కర్లేదు. 50 కిలోమీటర్ల వేగం లోపు వెళుతూనే మీట నొక్కచ్చు. మీరు ‘అయ్యో వాన’ అని గొడుగు వెతికేలోపు టాపు మూసుకుంటుంది!

హోండా ఎస్2000 ఇంకా గడుసుది. 6 సెకన్లే!

ఈ జెడ్4కు ఒక కవల తమ్ముడున్నాడు. ఎవరో ఊహించండి! టయోటా సుప్రా! జర్మనీ కంపెనీ, జపాను కంపెనీ చేతులు కలిపాయి. లోపలి నిర్మాణం ఒకటే. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒకే ఫ్యాక్టరీలో రెండూ తయారయ్యాయి. కానీ ఈ తరం జెడ్4లో కూపే లేదు, సుప్రాలో కన్వర్టిబుల్ లేదు! ఒకే కడుపున పుట్టి కప్పు దగ్గర విడిపోయిన 2 కార్లు!

టాపు తీసేస్తే కారు తేలికవుతుందనుకుంటున్నారా? తిరగబడింది లెక్క! బరువెక్కుతుంది! 2019లో వచ్చిన పోర్షే 911 కరెరా చూడండి. కూపే 1,505 కిలోలు. కన్వర్టిబుల్ 1,575 కిలోలు. అంటే 70 కిలోలు ఎక్కువ! నిండు మనిషి ఒకరు ఎప్పుడూ కార్లో కూర్చున్నట్టే! ఎందుకంటారా? ఇంట్లో చెప్పుల అట్టపెట్టె తీయండి. మూత పెట్టి మెలిపెట్టండి. గట్టిగా నిలబడుతుంది. మూత తీసి మెలిపెట్టండి. వంకర తిరిగిపోతుంది! కారూ అంతే. మూత పోయినందుకు అడుగున అదనంగా ఇనుము వేసి బిగించాలి. పైగా టాపు మడిచే మోటార్లు!

ఆ బరువు వేగంలో కనిపిస్తుందా? కనిపిస్తుంది! సున్నా నుంచి 100 అందుకోవడానికి ఆ కూపేకు 4.2 సెకన్లు. కన్వర్టిబుల్‌కు 4.4. తేడా 0.2 సెకను! రెప్పపాటు! దీని కోసం కూపే కొంటానంటే నేను ఒప్పుకోను. ఆ రెప్పపాటు రేసు ట్రాకు మీద లెక్కకొస్తుంది. తెనాలి కాలవగట్టు మీద రాదు!

బరువంటే గుర్తొచ్చింది! తెనాలిలో 2 టన్నుల తుక్కు ఇనుముతో ఏం చేశారో తెలుసా? 14 అడుగుల ప్రధాని మోదీ విగ్రహం! సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర 2021లో రూపం పోశారు. అందులో బండ్ల గేరు చక్రాలున్నాయి, చైన్లున్నాయి, నట్లున్నాయి! పోర్షే 911 కంటే ఆ విగ్రహానికి పట్టిన ఇనుమే ఎక్కువ!

సరే, ధర మాటకొద్దాం. లోకంలోకెల్లా ఎక్కువ ధర పలికిన కారు కూపేనా, కన్వర్టిబులా? కూపే! మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే. 2022 మే నెలలో వేలంలో 13.5 కోట్ల యూరోలు! మన లెక్కలో సుమారు 1,100 కోట్ల రూపాయలు! కంపెనీ ఇలాంటివి చేసింది 2 మాత్రమే!

అదే మెర్సిడెస్ 300 ఎస్ఎల్ దగ్గరికొస్తే కథ మారిపోయింది. 1954లో కూపే వచ్చింది. తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. చూస్తే కళ్ళు తిప్పుకోలేం! అమ్మింది 1,400. తర్వాత టాపు లేచే రోడ్‌స్టర్ వచ్చింది. 1,858 అమ్ముడుపోయాయి! రెక్కల తలుపుల మీద మామూలు తలుపుల కారు గెలిచింది!

1961 మార్చి. జెనీవా కార్ల ప్రదర్శన. జాగ్వార్ ఈ-టైప్ కూపేను చూసి జనం ఎగబడ్డారు. నడిపి చూస్తామంటూ వరస కట్టారు. ఒక్క కారు ఎక్కడ సరిపోతుంది? ఇంగ్లండులో కంపెనీ ఉన్న కోవెంట్రీకి ఫోను వెళ్ళింది. చేతిలో పని అక్కడే పడేసి టాపు లేచే ఈ-టైప్ తీసుకుని రమ్మన్నారు! నార్మన్ డ్యూయిస్ అనే టెస్టు డ్రైవరు రాత్రికి రాత్రి బయల్దేరాడు. సముద్రం దాటి, ఫ్రాన్సు దాటి, తెల్లారాక జెనీవాలో దిగాడు! ప్రదర్శనకు కారును లారీలో తేలేదు. రోడ్డు మీద తోలుకొచ్చారు! నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

హీరో పొడుగైతే కారు కప్పు కోసేస్తారా? కోసేశారు! 1967 నాటి జేమ్స్‌బాండ్ సినిమా కోసం టయోటా 2000జీటీ కూపే తెచ్చారు. షాన్ కానరీ 6 అడుగుల 2 అంగుళాలు. తల పట్టలేదు! హీరోను మార్చలేరుగా? కప్పు తీసేశారు! అలా పుట్టినవి 2 కార్లే!

మన తెలుగు బాండ్ ఎవరు? 1966లో ‘గూఢచారి 116’! హీరో కృష్ణ. తెనాలి పక్కన బుర్రిపాలెం బుల్లోడు! ఆ పాత్ర ఆయనకు ఎలా వచ్చిందో తెలుసా? కారు వల్లే! 1965 నాటి ‘తేనె మనసులు’లో బండి మీద కారును వెంటాడి, దాని మీదికి దూకారు. డూపు లేకుండా! అది చూసి నిర్మాత డూండి పిలిచి మరీ వేషమిచ్చారు!

ఇప్పుడు గాలి మాట. టాపు తీసి 100 కిలోమీటర్ల వేగంతో వెళితే ఎలా ఉంటుంది? బాపట్ల వాళ్ళను అడగండి, వాళ్ళకు తెలుసు! 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు! కారు అద్దం ముందున్న గాలి సరిగ్గా అంత జోరుగా మీ మీదికి వస్తుందన్నమాట. మిమ్మల్ని కాపాడేది ఎదురుగా ఉన్న ఆ ఒక్క అద్దమే!

ఇంకా గట్టిగా కూర్చోండి. టాపు లేని కారు ఎంత వేగం వెళ్ళిందో తెలుసా? 453.91 కిలోమీటర్లు! బుగాట్టి మిస్ట్రాల్. 2024 నవంబరులో, జర్మనీలో. మిచాంగ్‌కు నాలుగింతల పైన గాలి!

ఆ బుగాట్టి వాళ్ళదే ఇంకో చోద్యం. వేరాన్ గ్రాండ్ స్పోర్ట్ కారుకు గట్టి కప్పు తీసి ఇంట్లో పెట్టి వెళ్ళాలి. మరి దారిలో వానొస్తే? గొడుగు! నిజంగా గొడుగే! గొడుగులా విప్పుకునే గుడ్డ టాపు ఇచ్చారు. అది వేసుకుంటే 130 దాటకూడదు. గట్టి కప్పు పెడితే 407 వెళ్ళే కారు!

టాపు లేకపోతే పల్టీ కొట్టినప్పుడు తలకేం గతి? ఈ భయం న్యాయమైనదే. 1989లో మెర్సిడెస్ ఎస్ఎల్ దానికి జవాబు తెచ్చింది. సీట్ల వెనక ఇనుప కమాను దాక్కుని ఉంటుంది. కారు ఒరిగిందో లేదో టక్కున లేస్తుంది. 0.3 సెకనులో! అయినా నా మాట వినండి. బెల్టు పెట్టుకోకుండా టాపు లేని కారు కదిలించకండి!

పోర్షే 1965లోనే మధ్యేమార్గం చూపించింది. టార్గా! వెనక ఇనుప కమాను ఎప్పుడూ ఉంటుంది. నెత్తి మీద ముక్క మాత్రం తీయచ్చు. కొంత కూపే, కొంత కన్వర్టిబుల్!

బాపట్లకు పడమరగా, అద్దంకి వైపు 16వ నంబరు జాతీయ రహదారిలో కొరిశపాడు దగ్గర రోడ్డు చూశారా? 4.1 కిలోమీటర్లు గీత గీసినట్టుంటుంది. 33 మీటర్ల వెడల్పు! 2024 మార్చి 18న దాని మీద వైమానిక దళం విమానాలు దిగాయి! స్పోర్ట్స్ కారు చేతిలో ఉంటే కాలు దురద పెడుతుంది. వద్దు! విమానానికి పరిమితి లేదేమో గానీ, మధ్యలో డివైడరు ఉన్న రహదారిలో కారుకు 100 దాటకూడదు!

మన ఊళ్ళలో స్పోర్ట్స్ కారుకు అసలు శత్రువెవరు? స్పీడ్ బ్రేకరు! నిబంధన ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లే. ఇందుకోసం పోర్షేలో ఒక మీట ఉంది. నొక్కితే కారు ముక్కు సుమారు 40 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది! గుమ్మం దాటేటప్పుడు పంచె ఎత్తి పట్టుకున్నట్టు!

మన దేశంలో టాపు లేచే కార్లు కొత్త అనుకోకండి. మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ తయారైంది. దాని కప్పు బోల్టులతో బిగించి ఉండేది. స్పానరు పట్టి విప్పితే కప్పు ఊడి వచ్చేస్తుంది! తర్వాత గోవాలో 1998లో శాన్ స్టార్మ్ వచ్చింది. బుల్లి కారు. 2 సీట్లు. ఇంజను 1,149 సీసీ. మన మధ్యతరగతి కార్లకుండే ఇంజనంత!

హీరో ప్రభాస్ 2021లో కొన్న లంబోర్గిని అవెంటడార్ ఎస్ రోడ్‌స్టర్‌కు కప్పు ఎలా తీస్తారో తెలుసా? చేత్తోనే! ఒక్కో పలక 6 కిలోల లోపే! కార్బన్ ఫైబర్ మహిమ అది. కోట్ల రూపాయల కారు. టాపు మాత్రం మన రిక్షా పద్ధతిలోనే!

ఇంజను శబ్దమే లేని కన్వర్టిబుల్ కావాలా? 2025లో ఎంజీ సైబర్‌స్టర్ మన దేశానికొచ్చింది. పూర్తిగా కరెంటు కారు! తలుపులు కత్తెరలా పైకి లేస్తాయి. 100 అందుకోవడానికి 3.2 సెకన్లు. టాపు తీసి పొలం గట్టు పక్కన మెల్లగా పోనిస్తే కొంగల అరుపు వినిపిస్తుంది!

జేబు మాట కూడా వినండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు కార్లకు జీఎస్టీ 40 శాతం! కూపేకూ అంతే. కన్వర్టిబుల్‌కూ అంతే!

డిక్కీ మాటేమిటి? జెడ్4లో 281 లీటర్లు! 20 లీటర్ల వాటర్ టిన్నులు 14 నింపినంత నీళ్ళకు సమానం! ఇంకో మంచి మాట. టాపు తెరిచినా, మూసినా చోటు తగ్గదు!

లోకంలో ఎక్కువమంది ఎంచుకున్న 2 సీట్ల స్పోర్ట్స్ కారు ఏది? మాజ్డా ఎంఎక్స్-5! 2016 ఏప్రిల్ 22న 10 లక్షలవ కారు బయటికొచ్చింది. ఫెరారీ కాదు, పోర్షే కాదు. చిన్న కారు, చిన్న ఇంజను, టాపు లేచే కారు!

మరి నా ఓటు ఎటు? తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఏడాది పొడవునా ఒకే కారు నడపాలంటే కూపేకే! ఎండ, ఉప్పుగాలి, కోతల వేళ ఎగిరే దుమ్ము. గుడ్డ టాపుకు మూడూ పగవాళ్ళే. ఇంట్లో ఇంకో కారు ఉందా? నీడలో నిలిపే షెడ్డుందా? అయితే నిక్షేపంగా కన్వర్టిబుల్ తీసుకోండి! ధనుర్మాసంలో తెల్లవారుజామున టాపు తీసి, 216వ నంబరు జాతీయ రహదారి మీద రేపల్లె నుంచి బాపట్ల వెళ్ళండి. మంచు, వరి కుప్పల వాసన, దూరంగా గుడి మైకులో పాట. ఆ సుఖం కూపేలో దొరకదు!

ఒక్కటి మాత్రం చేయండి. డబ్బు కట్టే ముందు షోరూము వాళ్ళను రెండు టెస్ట్ డ్రైవ్‌లు అడగండి. ఒకటి సంక్రాంతి పొద్దున. రెండోది మే 25 తర్వాత, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం 12 గంటలకు, టాపు తీసి!